షూజెన్ ఆంటీ అడిగిన మాట

మందు తింటారట చైనాలో, మనం వేసుకుంటాం, ఈ ఇంగ్లీషువాళ్ళు మాత్రం తీసుకుని ఊరుకుంటారు, తీసుకున్నాక నోట్లో వేసుకున్నారో జేబులో వేసుకున్నారో చెప్పరు, టేక్ అంటే అంతే, అనుకుంది కిరణ్మయి, అనుకుని సిడ్నీ రైలు కిటికీలోంచి వెనక్కి జారిపోతున్న టూంగాబీ ప్లాట్‌ఫారాన్ని చూసింది, పక్క సీట్లో షూజెన్ ఆంటీ వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని బడికి మొదటిరోజు పోతున్న పిల్లలా నిటారుగా కూర్చుని ఉంది, డెబ్భై దాటిన మనిషి, శనివారాలు లైబ్రరీలో కిరణ్మయి ఊరికే చెప్పే ఇంగ్లీషు క్లాసుకు వచ్చే చైనా పెద్దవాళ్ళలో అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర లేచేది ఈవిడే, ఇవాళ క్లాసు లేదు, గురువారం, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ బయల్దేరింది, ఆస్పత్రికి, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి, కూతురు గ్రేస్‌కి డ్యూటీ, మీరు తోడు వస్తారా టీచర్ అని పోయిన వారం ఆంటీ అడిగితే దానికేముంది ఆంటీ వస్తాను అనేసింది, అప్పటికి ఆ ఫోను రాలేదు, పొద్దుటి ఫోను, అది వచ్చాక ఇప్పుడీ మనిషి ముఖంలోకి చూడాలంటేనే ఎలాగో ఉంది, చూడకుండా ఉంటే ఇంకా ఎలాగో ఉంది.

తాలింపు చిటపటలాడుతుండగా మోగింది ఫోను, గ్రేస్, ఆంటీ కూతురు, ఇన్నాళ్ళూ లైబ్రరీ బయట కారులోంచి చెయ్యి ఊపడమే తప్ప మాట్లాడింది లేదు, థాంక్యూ సో మచ్ అని మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా చెప్పుకుపోయింది, అమ్మకు ఉన్నది పాత ఇన్ఫెక్షన్ కాదు, క్యాన్సర్, అమ్మకు తెలీదు, మేం చెప్పలేదు, పోయిన స్కాన్‌లో ఎముకల్లోకి కూడా పాకిందన్నారు, ఇవాళ డాక్టరు ఇక వైద్యం ఆపుదామా అని అడగొచ్చు, మా ఇళ్ళలో రోగికి చెప్పరు, చెబితే మనిషి ఆశ వదిలేసి తిండి మానేస్తుంది, డాక్టరు ఏం చెప్పినా మీరు అమ్మతో విశ్రాంతి తీసుకోమన్నారని ఒక్క మాట చెప్పండి చాలు, ఫోనులో ఇంటర్‌ప్రిటర్‌ని పిలుస్తామంటే అక్కర్లేదు నేను చూసుకుంటాను అనండి, మీరు ఇండియన్, మీకు ఇది నేను వివరించక్కర్లేదు కదా, అంది, కిరణ్మయి ఊఁ అంది, ఆ ఊఁ మాట వింటున్నానని చెప్పడానికి అనేది, కథ చెబుతుంటే కొట్టేది, సరేనని కాదు, కానీ గ్రేస్ అది సరే కిందే జమ కట్టుకుని గొంతు వణుకుతుండగా మళ్ళీ థాంక్యూ చెప్పి పెట్టేసింది, తాలింపు మాడింది, టిఫిన్ తింటూ స్పీకరులో అంతా విన్న భర్త సుమంత్, వాళ్ళింటి వ్యవహారం కిరణ్, నీ పని ఇంగ్లీషు చెప్పడం, జబ్బుల జోలికి పోకు అన్నాడు, పోకుండా ఎలా అండీ, నేనిప్పుడు పోతున్నదే జబ్బు దగ్గరికి అంటే, అయితే ఆ అమ్మాయి చెప్పమన్నదే చెప్పేసి వచ్చెయ్, ఎవరి తల్లి వాళ్ళిష్టం అన్నాడు, అన్నది తప్పనీ అనలేం, ఎవరి తల్లి వాళ్ళిష్టమే, మరి ఆ తల్లి ఇష్టమో.

రైలు ఆగింది, మళ్ళీ కదిలింది, ఆంటీ ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసి ముందు టీచర్‌కి అందించింది, వద్దంటే ఒప్పుకోదు, క్లాసులోనూ అంతే, కిరణ్మయి లోపలికి రాగానే కుర్చీలోంచి లేచి నిలబడుతుంది, కూర్చోండి ఆంటీ నేను మీ కూతురికంటే చిన్నదాన్ని అంటే టీచర్ టీచరే అంటుంది, ఆ రోజూ అలాగే నిలబడి అడిగింది, చలికాలం మొదలవుతున్న రోజులు, టీచర్, టేక్ అంటే ఏమిటి, అంతే ప్రశ్న, కిరణ్మయికి హుషారొచ్చింది, తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి ఇంజినీరింగులో ఈ మాటతోనే తల బాదుకున్న మనిషి, బోర్డంతా నింపేసింది, టేక్ ఎ బస్, మేం బస్సెక్కుతాం మీరేం చేస్తారు అంటే మేం బస్సు కూర్చుంటాం అన్నారు, టేక్ ఎ బాత్, మేం చేస్తాం, మేం కడుక్కుంటాం, టేక్ ఎ ఫోటో, మేం తీస్తాం, మేం కొడతాం, ఏ పనికి ఆ మాట మీకూ ఉంది మాకూ ఉంది, వీళ్ళకే కరువు అని నవ్వుకున్నారు, వెనక బెంచీలో గువో అంకుల్, చలవ కళ్ళద్దాలు తలమీద పెట్టుకుని కూర్చునే ఆయన, ఇంగ్లీషువాళ్ళింట్లో టేక్ పెద్దకోడలు, పనంతా దానిచేతే చేయిస్తారు అన్నాడు, క్లాసంతా గొల్లుమంది, ఆంటీ మాత్రం నవ్వుతూనే మళ్ళీ అడిగింది, ఇంకా ఉన్నాయా టీచర్, పై వారం మళ్ళీ టేక్, ఆ పై వారం మళ్ళీ టేక్, గువో అంకుల్ ఉడికించేవాడు, ఈవిడ పొద్దున టేక్ తిని రాత్రి టేక్ తాగి పడుకుంటుంది అని, ఇట్ టేక్స్ టైమ్ దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఆగింది, మాకు కాలం పడుతుంది ఆంటీ, మీకో అంటే కాసేపు వెతుక్కుని, మాకు కాలం కావాలి అంది, అప్పుడు కిరణ్మయి ఎంత మురిసిపోయింది, చదువుమీద ఎంత శ్రద్ధ ఈ వయసులో అని ఇంటికెళ్ళి సుమంత్‌కి కూడా చెప్పింది, ఇప్పుడు రైల్లో, చేతిలో వేడి మూత పట్టుకుని కూర్చుంటే, ఆ మాట ఈవిడ ఎక్కడ విన్నదో తట్టింది, డాక్టరు గదిలో, ఇంకెక్కడ, డాక్టరు చాలాసేపు మాట్లాడుతుంది, టేక్ దిస్, టేక్ దట్, ఇట్ మే టేక్, ఆ మాటల గుంపులో పదేపదే తగిలే ఒక్క మాటని ఈవిడ చెవి పట్టుకుంది, అంతసేపు మాట్లాడినదాన్ని కూతురు చైనా భాషలో ఒక్క ముక్క చేసి విశ్రాంతి తీసుకోమంది అమ్మా అంటుంది, అంత పెద్ద మూట లోపలికి పోయి ఇంత చిన్న పొట్లంగా బయటికి వస్తుంటే మిగతాదంతా ఎక్కడికి పోయిందని ఈవిడ అడగలేదు, లైబ్రరీకొచ్చి ఒక మాటకు అర్థం అడిగింది.

పొట్లాలు కట్టడం, ఆ పని కిరణ్మయికి కొత్తా, తమ ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది తనే, పీలేరు అవతల పల్లె, ఊళ్ళో ఎవరికి ఇంగ్లీషు అవసరమొచ్చినా పాపను పిలవండి అనేవాళ్ళు, ఎరువుల బస్తామీద ఏం రాసుందో, తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ అమ్మతో ఏమంటుందో, అన్నీ తనే మోసుకొచ్చి ఇంట్లో దించేది, దించేటప్పుడు బరువున్నవి కొంచెం కోసి దించేది, అమ్మ భయపడుతుందని, నాయన రాత్రంతా మంచం మీద కూర్చుంటాడని, అలా కోయడమే చదువుకున్న పిల్ల ధర్మమనుకుంది, ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది, తనకే కోసి పెట్టినప్పుడు మాత్రం అది ధర్మంలా తోచలేదు, హాస్టల్లో ఆఖరి పరీక్షలప్పుడు, జేజినాయన, నాయన వాళ్ళ నాయన, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి దింపినాయన, ఇంగ్లీసులో ఏమన్నా చెప్పు మే వింటా అని చెప్పించుకుని ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలాడించినాయన, ఇంటికి ఫోను చేసి జేజినాయనకియ్యి అంటే నాయన, పండుకోనుండాడు పాపా, లేసినాక మాట్లాడిస్తాలే, నువ్వు పరీచ్చలు బాగా రాయి అన్నాడు, వెనకాల పలకల చప్పుడు, డప్పుల మోత, ఏంది నాయనా ఆ సప్పుడు అంటే సావిడికాడ ఎవురిదో పెండ్లిలే అన్నాడు, సరే నాయనా అని పెట్టేసింది, పరీక్షలయ్యాక తిరుపతి లడ్డు పట్టుకుని ఇంటికి పోతే పంచలో ఆయన మంచం గోడకు నిలబెట్టి ఉంది, నీ పరీచ్చలు పోతాయని చెప్పలేదు పాపా అన్నారు అందరూ, అందరూ, ఊరంతా, బస్సు కండక్టరుకు కూడా తెలుసట, ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే అదే ప్రశ్న, నన్నెందుకు పిలవలేదు, నేనొక్కదాన్నే ఎందుకు లెక్కలోకి రాలేదు, ఇవాళ అదే పని తనని చెయ్యమంటోంది గ్రేస్, మీరు ఇండియన్ మీకు తెలుసు కదా అని, తెలుసు గ్రేస్, బాగా తెలుసు, అదే కదా బాధ, కానీ చెబితే నిజంగానే తిండి మానేస్తే, ఇంకో నాలుగు నెలలు నవ్వుతూ తిరగాల్సిన మనిషి రేపటినుంచి గోడకేసి తిరిగి పడుకుంటే, ఆ పాపం ఎవరిది, టీచర్ అని లేచి నిలబడే మనిషికి తను చేసే గురుత్వం ఇదా, దిగాలి, స్టేషన్ వచ్చింది, ఆంటీ అప్పటికే లేచి నిలబడింది.

ఆస్పత్రిలో ఎక్కడ చూసినా మనుషులే, ఎవరి నంబరు ఎప్పుడు పిలుస్తారా అని తెరకేసి చూస్తూ, ఆంటీ సంచిలోంచి మాండరిన్ కమలా తీసి తొక్క ఒక్క ముక్కగా ఊడొచ్చేలా ఒలిచి సగం చేతిలో పెట్టింది, మీ అమ్మ బాగున్నారా టీచర్ అని అడిగింది, బాగున్నారు ఆంటీ, అవును మరి బాగున్నారనే చెబుతారు ప్రతి ఆదివారం వాట్సాప్‌లో, తనూ బాగున్నాననే చెబుతుంది, పోయినేడు ఉద్యోగం పోయి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా ఆఫీసు చొక్కా వేసుకుని కెమెరా ముందు కూర్చుంది, గ్రేస్ మంచి పిల్ల అంది ఆంటీ, షీ టేక్స్ కేర్ మీ, ఆఫ్ మీ, అని తనే దిద్దుకుంది, కిరణ్మయి కమలా తొన తిరిగి తొక్కలో పెట్టేసింది, కౌంటర్ దగ్గర పేరు చెబితే అక్కడున్న అమ్మాయి తెర చూసి ముఖం విప్పార్చుకుని, ఓ, సోమవారం అపాయింట్‌మెంట్ గురువారానికి మార్చమని ఫోన్ చేసింది మీరే కదా, భలే మాట్లాడారు అంది ఆంటీతో, ఆంటీ చప్పున కిరణ్మయి వైపు చూసి, చూపు దించుకుని, ఫ్లాస్కు మూత అవసరం లేకపోయినా ఇంకో చుట్టు బిగించింది, ఆస్పత్రివాళ్ళే మార్చారని కదా గ్రేస్ పొద్దున అంది, గురువారం నాకు డ్యూటీ మార్చుకోవడం కుదర్లేదు, అందుకే మీకు ఈ శ్రమ అని, ఆస్పత్రి కాదు, ఈవిడ, కూతురు రాలేని రోజు ఏదో వెతికి, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో వంటింట్లో నిలబడి ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటుందో, ఫోను చేసి తన రోజు తను మార్చుకుంది, మార్చుకుని ఎవర్ని తోడు అడిగింది, తనని, ఎందుకు, తను కూడా పొట్లం కట్టి ఇస్తుందనా, కాదు, లైబ్రరీలో తను ఒక్కసారి కూడా మాటని కోసి చెప్పలేదు కాబట్టి, ఎన్ని అర్థాలుంటే అన్నీ బోర్డుమీద రాసింది కాబట్టి, ఆ నమ్మకం ముందు పొద్దుటి ఊఁ ఎంత చిన్నది, కానీ అది కూడా తనదే, తీసేసుకోవడానికి లేదు, లోపలికి పిలిచారు, పేరు వంకర పలికారు, అయినా ఆంటీ బడిపిల్లలా ప్రెజెంట్ అని లేచింది.

డాక్టరు ఆడమనిషి, అలసిన కళ్ళు, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని ఇద్దర్నీ చూసి కిరణ్మయివైపే తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది, మీరు కుటుంబమా, కాదు టీచర్ని, సరే, స్కాన్ చూశాను, అంటూ, మాటలు మెత్తగా ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి, కిరణ్మయికి అన్నీ అర్థమవుతున్నాయి, పక్కన ఆంటీ డాక్టరు నోటికేసే చూస్తోంది, చెరువు ఒడ్డున గాలం వేసి కూర్చున్నట్టు, డాక్టరు ఆగింది, ఇప్పుడు చెప్పాలి, విశ్రాంతి తీసుకోమన్నారు ఆంటీ, అంతే, ఒక్క మాట, నాలుక చివరే ఉంది, తీపిగా ఉంది, చెప్పేస్తే రైలెక్కి ఇంటికి పోవచ్చు, గ్రేస్ థాంక్యూ అంటుంది, సుమంత్ చెప్పానా అంటాడు, ఎవరూ ఏడవరు, పాపం పండుకోనుండాడు అని చెప్పినంత తేలిక, కిరణ్మయి గొంతు సవరించుకుంది, డాక్టర్, నాతో కాదు, దయచేసి ఆవిడతో చెప్పండి, ఇంటర్‌ప్రిటర్‌ని పిలవండి అంది, తన గొంతేనా అది అనిపించింది, డాక్టరు, నేను చాలా రోజుల్నుంచి అదే అనుకుంటున్నాను అని ఫోను స్పీకరులో పెట్టింది, ఎక్కణ్ణుంచో ఒక మగగొంతు చైనా భాషలో నమస్కారం చెప్పింది, డాక్టరు మొదట అడిగించింది, మీకు అన్నీ తెలుసుకోవాలని ఉందా, మీ అమ్మాయితో మాట్లాడమంటారా అని, ఆంటీ ఫోను వైపు చూడలేదు, డాక్టరు వైపే చూసి, నేను, నాకు కావాలి, ఐ వాంట్ అంది, ఆ తర్వాత చాలాసేపు ఆ గదిలో కిరణ్మయికి ఏమీ అర్థం కాలేదు, ఇంగ్లీషు ముక్క కాస్త, వెంటనే దానికి నాలుగింతలు చైనా మాటలు, ఆంటీ అడుగుతోంది, ఆ గొంతు చెబుతోంది, ఎక్కడా ఒక్క పొల్లు కూడా చేతికి చిక్కడం లేదు, ముఖాలు చూసి అర్థం చేసుకోవాల్సిందే, ఇన్ని నెలలూ ఆంటీ ఈ గదిలో ఇలాగే కూర్చుంది కదా, తన శరీరం గురించి తన ముందే మాట్లాడుకుంటుంటే, ఇలాగే, ఆంటీ ఏడవలేదు, ఒకసారి మాత్రం ఫ్లాస్కుమీద వేలితో ఏదో గీసింది, చివర్న స్పీకరు వైపు చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు సైగ చేసి, వీపు నిటారు చేసి, క్లాసులో బస్సు గురించి నేర్చుకున్న వాక్యాన్ని తన నోటితో తనే అడిగింది, డాక్టర్, హౌ లాంగ్ విల్ ఇట్ టేక్, డాక్టరు తొందరపడలేదు, ఆవిడకు తెలిసేలా ఒక్కో మాటా విడదీసి, డిసెంబరులో వేసవి వచ్చేవరకు, బహుశా క్రిస్మస్ చూస్తారు, నన్ను క్షమించండి అంది, ఆంటీ తలూపి, థాంక్యూ, గుడ్ ఆన్సర్ అంది, మార్కులేసే టీచర్లా.

బయట వరండాలో ఎండ ఉంది, సిడ్నీ చలికాలపు ఎండ, వెలుగే కానీ వేడి లేదు, ఇద్దరూ బెంచీమీద కూర్చున్నారు, కిరణ్మయి సారీ ఆంటీ అంటే ఆంటీయే ఆమె మోకాలిమీద తట్టింది, ఓదార్చాల్సింది ఎవరు ఓదారుస్తున్నదెవరు, నాకు తెలుసు టీచర్ అంది, మెల్లగా, దొరికిన మాటలు దొరికినట్టు పేర్చుకుంటూ, గ్రేస్ స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తుంది, చాలా నీళ్ళు, చాలా రోజులు, ఇన్ఫెక్షన్‌కి అన్ని నీళ్ళు ఎందుకు, నాకు తెలుసు, ఎంతకాలమో మాత్రమే తెలీదు, అంది, తర్వాత అటూ ఇటూ చూసి, గ్రేస్ ఇక్కడే ఉందేమో అన్నట్టు గొంతు తగ్గించి, టీచర్, యూ టెల్ గ్రేస్, డాక్టర్ సే, టేక్ రెస్ట్ అంది, ఇంకేం చెప్పొద్దు, గ్రేస్‌కి నిద్ర ఉండదు, పొద్దున కూతురు కట్టమన్న పొట్లాన్నే ఇప్పుడు తల్లి కట్టమంటోంది, అదే మాట, ఒకే గోడకు ఇద్దరూ చెరోవైపు నుంచి ఆనుకుని నిలబడ్డారు, పడిపోతుందేమోనని, ఇంతలో చేతిలో ఫోను వణికింది, గ్రేస్, తెరమీద పేరు వెలుగుతోంది, ఆంటీ ఆ పేరు చదివింది, ఇంగ్లీషు అక్షరాల్లో ఆవిడ మొదట నేర్చుకున్న పేరు అదే, అవతల గ్రేస్ గుండె చేతిలో పట్టుకుని ఉంటుంది, ఇవతల ఈవిడ, మధ్యలో తను, చిన్నప్పట్నుంచీ ఎప్పుడూ మధ్యలో తను, బరువు చూసి కోసి దించే పిల్ల, చెప్పాలా, రెస్ట్ తీసుకోమన్నారు గ్రేస్ అని, ఎంతసేపు, ఫోను వణుకుతూనే ఉంది, వణుకుతున్న ఫోనుని కిరణ్మయి పచ్చ గుర్తు నొక్కి ఆంటీ చేతిలో పెట్టింది, మీరే చెప్పండి ఆంటీ, నేను మోయను అంది, రెండో మాట తెలుగులో వచ్చేసింది, ఆంటీకి తెలియకపోవచ్చు, గ్రేస్ ఏడుస్తుంది అంది ఆంటీ, అవును ఏడుస్తుంది, కుళాయి లేకుండా ఏడవనివ్వండి అంది కిరణ్మయి, ఆంటీ ఫోనుని రెండు చేతులా పట్టుకుంది, లోపలినుంచి అమ్మా అన్నట్టేదో వినిపించింది, ఏ భాషలోనైనా ఆ మాట తెలిసిపోతుంది, ఆంటీ మెల్లగా మొదలుపెట్టింది, అవతల నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం ఎలాంటిదో కిరణ్మయికి వెంటనే తెలిసింది, అది కొత్త విషయం విన్న మనిషి నిశ్శబ్దం కాదు, తెలిసీ తెలియనట్టు నటిస్తూ దొరికిపోయిన మనిషిది, తనకా నిశ్శబ్దం తెలుసు, హాస్టల్ వరండాలో ఫోను పట్టుకుని తనూ అలాగే నిలబడింది, సావిడికాడ ఎవురిదో పెండ్లిలే అని నాయన అన్నప్పుడు, వెనకాల పలకలు మోగుతూనే ఉన్నప్పుడు, పెండ్లికి కొట్టే దెబ్బ వేరు, చావుకు కొట్టే దెబ్బ వేరు, ఆ తేడా తమ ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు, తనకు తెలీదా, తెలుసు, విన్న క్షణమే తెలుసు, ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు నాకు చెప్పలేదు అని తిరిగింది కానీ ఆ రోజు రెండోమాట అడగకుండా సరే నాయనా అన్నది తనే, నాయన దాచినదానికి అవతలి కొస తను పట్టుకుంది, నాయన గొంతు నిలబడాలని, పక్కన షూజెన్ ఆంటీ మాట్లాడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, తొందరేమీ లేనట్టు, అవతల గ్రేస్ కూడా, కిరణ్మయి ఆంటీ ఒళ్ళోంచి జారిపోబోతున్న ఫ్లాస్కుని పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, ఇంకా వెచ్చగానే ఉంది, ఆ రోజు జేజినాయన పోయాడని తనకు తెలుసు.